ఫ్రాన్స్–జర్మనీ పరిశోధన పొత్తు: ఖర్చు ఎవరిది, నిర్ణయం ఎవరిది?

రెండు దేశాలు కలిసి శాస్త్ర పరిశోధన చేపట్టాయన్న వార్త చదివినప్పుడు, రెండు ప్రభుత్వాలూ కొంత సొమ్ము ఒకచోట పోగుచేసి, అందులోంచి ఇరు దేశాల శాస్త్రవేత్తలకూ పంచిపెడుతున్నాయని మనం సహజంగా అనుకుంటాం. ఆచరణలో అలాంటి ఏర్పాట్లు తక్కువ. ఐరోపాలో అత్యంత సన్నిహితమైన జోడీగా పేరుపడిన ఫ్రాన్స్, జర్మనీల మధ్య కూడా చాలామటుకు ఎవరి డబ్బు వారి పరిశోధకుల మీదే ఖర్చవుతుంది. ఒక దేశపు పన్ను సొమ్ము సరిహద్దు దాటి రెండో దేశపు పరిశోధకుడి జీతంగా మారడం మామూలు సంగతి కాదు. అయినప్పటికీ ఈ రెండు దేశాలు అరవై ఏళ్ళకు పైగా కలిసి రియాక్టర్లు కట్టాయి, ఉపగ్రహాలు తయారుచేశాయి, కొండల మీద రేడియో టెలిస్కోపులు నిలబెట్టాయి, వేలాది చిన్న ప్రాజెక్టులకు జంటగా నిధులు ఇచ్చాయి. డబ్బు కలపకుండా ఇంత పని ఎలా సాగిందన్నది అర్థం కావాలంటే, ఖర్చు ఎవరు భరిస్తున్నారు, నిర్ణయం ఎవరు తీసుకుంటున్నారు, ఫలితం ఎవరు వాడుకుంటున్నారు అనే మూడు ప్రశ్నలను విడదీసి చూడాలి. వీటిలో మొదటిదే పెద్ద చిక్కని అందరూ భావిస్తారు గాని, చరిత్రను పరిశీలిస్తే ఎక్కువ పొత్తులు తడబడింది రెండో ప్రశ్న దగ్గరే.

ఈ కథకు కేంద్రం ఆల్ప్స్ కొండల అంచున, ఇజేర్, ద్రాక్ నదులు కలిసే చోట ఉన్న గ్రెనోబుల్ నగరం. అక్కడ 1967లో పుట్టిన న్యూట్రాన్ పరిశోధనా కేంద్రానికి ఇద్దరు భౌతిక శాస్త్రవేత్తల పేర్లు కలిపి ఇన్‌స్టిట్యూట్ లావె–లాంజెవాన్ అని పేరు పెట్టారు. దీన్నే పొడి అక్షరాల్లో ఐఎల్ఎల్ అంటారు. స్ఫటికాల గుండా ఎక్స్ కిరణాలను పంపి పరమాణువుల అమరికను చూడవచ్చని నిరూపించి, 1914 నోబెల్ బహుమతి పొందిన జర్మన్ శాస్త్రవేత్త మాక్స్ ఫాన్ లావె. పదార్థాల అయస్కాంత గుణానికి సిద్ధాంతం ఇచ్చిన ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ లాంజెవాన్. ఈ రెండు పేర్ల ఎంపిక ఆలోచించి చేసినదే. పారిస్‌ను ఆక్రమించిన జర్మన్ సేనలు 1940లో లాంజెవాన్‌ను చెరలో పెట్టాయి, తరువాత త్రువా పట్టణంలో నిర్బంధంలో ఉంచాయి. భౌతిక శాస్త్రవేత్త అయిన ఆయన అల్లుడు జాక్ సొలొమోన్‌ను 1942లో కాల్చిచంపారు, కూతురు ఎలెన్‌ను ఆష్‌విట్స్ శిబిరానికి తరలించగా ఆమె ప్రాణాలతో తిరిగి వచ్చింది. మరోవైపు లావె, నాజీలు అధికారానికి వచ్చిన 1933లోనే, శాస్త్రవేత్తల సమావేశంలో ఐన్‌స్టైన్‌పై సాగుతున్న దాడిని గెలీలియోకు ఎదురైన వేధింపుతో పోల్చి మాట్లాడే ధైర్యం చూపినవాడు. యుద్ధం ముగిసి రెండు దశాబ్దాలు దాటిందో లేదో, ఈ ఇద్దరి పేర్లనూ ఒకే గుమ్మం మీద చెక్కగలిగారంటే దాని వెనుక బలమైన రాజకీయ సంకల్పం ఉండాలి.

ఆ సంకల్పం 1963 జనవరి 22న ఫ్రాన్స్ అధ్యక్షుడు ద గోల్, పశ్చిమ జర్మనీ చాన్సలర్ అడెనావర్ సంతకాలు చేసిన ఎలిజే ఒడంబడికలో కనిపిస్తుంది. విదేశాంగ, రక్షణ విషయాలతో పాటు విద్య, యువజన వ్యవహారాలను కూడా చేర్చిన ఆ ఒడంబడిక, శాస్త్ర పరిశోధనా సంస్థలు ముందుగా పరస్పరం సమాచారం ఇచ్చిపుచ్చుకోవాలని, వీలైన రంగాల్లో ఉమ్మడి కార్యక్రమాలు రూపొందించుకోవాలని చెప్పింది. నిధుల గురించి అందులో పెద్దగా ఏమీ లేదు. అయితే రెండు ప్రభుత్వాల నాయకులూ, మంత్రులూ నిర్ణీత వ్యవధుల్లో తప్పనిసరిగా కలవాలన్న నియమం ఉంది. అలా కలిసిన ప్రతిసారీ ప్రకటించడానికి ఏదో ఒక ఉమ్మడి పని చేతిలో ఉండాలి కాబట్టి, శాస్త్రవేత్తలు సిద్ధం చేసి పెట్టుకున్న ప్రతిపాదనలకు తలుపులు తెరుచుకున్నాయి.

న్యూట్రాన్ కేంద్రం అలా సిద్ధంగా ఉన్న ప్రతిపాదనే. విద్యుదావేశం లేని న్యూట్రాన్ పదార్థం లోపలికి లోతుగా చొచ్చుకుపోతుంది. ఎక్స్ కిరణాలకు సరిగా కనిపించని హైడ్రోజన్ వంటి తేలిక పరమాణువుల జాడ చెబుతుంది, తానే ఒక చిన్న అయస్కాంతంలా ప్రవర్తిస్తుంది కనుక పదార్థాల్లోని అయస్కాంత అమరికను కూడా పట్టిస్తుంది. ఇబ్బంది అంతా దాని సరఫరాలోనే ఉంది. న్యూట్రాన్ల ధారలు ఎక్స్ కిరణాల ధారలతో పోలిస్తే చాలా పలుచన కాబట్టి, రియాక్టర్ ఎంత శక్తిమంతమైతే ప్రయోగం అంత నాణ్యంగా వస్తుంది. 1950ల్లో మ్యూనిక్ దగ్గరి గార్షింగ్‌లో జర్మనీ తొలి పరిశోధనా రియాక్టర్‌ను నడిపిన హైన్స్ మైయర్-లైబ్నిట్స్, గ్రెనోబుల్‌లో అయస్కాంత పరిశోధనకు పెద్ద కేంద్రాన్ని నిర్మించిన లూయీ నేల్ ఇద్దరూ తమ తమ దారుల్లో ఈ అవసరాన్ని గుర్తించారు. 1960ల ఆరంభంలో ఇలాంటి రియాక్టర్‌ను అనేక దేశాలు కలిసి కట్టాలని, సంపన్న దేశాల ఆర్థిక సహకార సంస్థ ఓఈసీడీ గొడుగు కింద చర్చలు జరిగాయి. అందరికీ సమ్మతమైన స్థలం, వాటా, అవసరం కుదరక అవి ఎటూ తేలలేదు. ఆ తరువాత ఫ్రాన్స్, జర్మనీ రెండే ముందుకు కదిలి, 1967 జనవరి 19న అంతర్ ప్రభుత్వ ఒప్పందంపై సంతకాలు చేశాయి. బహుళ దేశాల బల్ల దగ్గర నలిగిన పనిని ఇద్దరు కూర్చుని తేల్చుకోవడం ఐరోపా శాస్త్ర చరిత్రలో మళ్ళీ మళ్ళీ జరిగింది, దీనికి ఉన్న ఇంకో ముఖం గురించి తరువాత చెప్పుకుందాం.

ఆ ఒప్పందపు నిర్మాణం జాగ్రత్తగా గమనించదగినది, ఎందుకంటే ఐఎల్ఎల్ దీర్ఘాయువు రహస్యం చాలావరకు అందులోనే ఉందని నా అభిప్రాయం. అప్పటికే జెనీవాలో 1954 నుంచి నడుస్తున్న కణ భౌతిక పరిశోధనా కేంద్రం సెర్న్‌లా దాన్ని ఒడంబడికతో పుట్టే అంతర్జాతీయ సంస్థగా చేయలేదు. పైన రెండు ప్రభుత్వాల మధ్య ఒప్పందం పెట్టి, కింద మాత్రం ఫ్రెంచి ప్రైవేటు చట్టం ప్రకారం ‘సొసియేతే సివిల్’ అనే మామూలు భాగస్వామ్య సంస్థను నమోదు చేశారు. అందులో వాటాదారులు ప్రభుత్వాలు కావు, పరిశోధనా సంస్థలే. ఫ్రాన్స్ వైపు అణుశక్తి సంస్థ సీఈఏ, జాతీయ పరిశోధనా సంస్థ సీఎన్ఆర్ఎస్ ఉండగా, జర్మనీ వైపు మొదట కార్ల్స్‌రూహ అణు పరిశోధనా కేంద్రం ఉండేది, ప్రస్తుతం యూలిష్ పరిశోధనా కేంద్రం ఉంది. దీనివల్ల రెండు ప్రయోజనాలు కలిగాయి. ఉద్యోగులను నియమించుకోవడానికీ, పరికరాలు కొనడానికీ ప్రతిసారీ మంత్రుల దాకా వెళ్ళవలసిన పని లేకుండా పోయింది. అదే సమయంలో, ఒక దేశపు బడ్జెట్లో కోత పడినా, ప్రభుత్వం మారినా, భాగస్వామి అంగీకారం లేకుండా సంస్థను మూసేసే అవకాశం ఎవరికీ మిగలలేదు.

నైపుణ్యాల విషయంలో కూడా ఇచ్చిపుచ్చుకోవడం ఉంది. రియాక్టర్ నుంచి వెలువడే న్యూట్రాన్లను అద్దాల వంటి లోపలి గోడలున్న గొట్టాల గుండా దూరంగా ఉన్న హాలులోకి నడిపించే ఆలోచన గార్షింగ్‌లో పరీక్షకు నిలిచింది. గ్రెనోబుల్‌లో అది పూర్తిస్థాయిలో అమలైంది, దాంతో రియాక్టర్ పక్కన ఇరుక్కోకుండా పదుల సంఖ్యలో పరికరాలను ఒకేసారి నడపడం సాధ్యమైంది. తొలి డైరెక్టరుగా మైయర్-లైబ్నిట్స్, ఆయనకు సహచరుడిగా ఫ్రెంచి శాస్త్రవేత్త బెర్నార్ జాక్రో పనిచేశారు. భారజలంలో ముంచిన ఒకే ఒక ఇంధన మూలకంతో 58.3 మెగావాట్ల ఉష్ణశక్తి వద్ద నడిచే ఈ రియాక్టర్‌లో 1971లో తొలిసారి గొలుసు చర్య మొదలైంది. దాని న్యూట్రాన్ ధార చదరపు సెంటీమీటరుకు సెకనుకు దాదాపు 15 కోట్ల కోట్లు. ఆ ఇంధన మూలకం సుమారు 50 రోజులకు ఒకసారి మార్చవలసి వస్తుంది. 1972లో మైయర్-లైబ్నిట్స్ దిగిపోయాక, ఆయన దగ్గరే పరిశోధన చేసి 1961లో నోబెల్ పొందిన రుడాల్ఫ్ మోస్‌బావర్ డైరెక్టరుగా వచ్చాడు.

ఇంతకంటే ముఖ్యమైన మార్పు పరిశోధన జరిగే పద్ధతిలో వచ్చింది. అప్పటిదాకా పెద్ద పరికరం ఎవరి దగ్గర ఉంటే ప్రయోగం వారిదే. ఐఎల్ఎల్‌లో మాత్రం విశ్వవిద్యాలయాల్లో ఉండే పరిశోధకులు తమ ప్రయోగ ప్రతిపాదన పంపుతారు, నిపుణుల సంఘాలు వాటిని శాస్త్రీయ విలువను బట్టి వరుసలో పెడతాయి, ఎంపికైనవారు తమ నమూనాతో వచ్చి కొన్ని రోజులు పరికరాన్ని వాడుకుని వెళతారు. స్థానిక శాస్త్రవేత్త వారికి తోడుగా ఉంటాడు. ఇక్కడే మూడో ప్రశ్న, అంటే వాడకం ఎవరిదన్నది, ఎదురవుతుంది. కేవలం నాణ్యతనే చూస్తే ఒక దేశపు పరిశోధకులకు వారు కట్టిన వాటా కంటే ఎక్కువ సమయం దక్కవచ్చు, మరొక దేశానికి తక్కువ రావచ్చు. అందుకని నాణ్యత వరుసను ఆధారంగా చేసుకుంటూనే, చివరలో వాటాల నిష్పత్తికి మరీ దూరం కాకుండా సర్దుబాటు చేస్తారు. ఉమ్మడి బావి నీళ్ళకు వంతులు వేసుకున్నట్టే ఇదీ. పైరుకు నీరు అత్యవసరమైన రైతుకు ముందుగా వదులుతారు గాని, పూడికతీతకు కూలి ఇచ్చినవాళ్ళెవరో ఎవరూ మరిచిపోరు. శాస్త్రంలో ప్రతిభ ఒక్కటే కొలమానం కావాలనేవారికి ఈ సర్దుబాటు నచ్చదు. కాని ఏటా పార్లమెంటు ముందు నిలబడి వాటా సొమ్ము అడగవలసిన మంత్రికి, మన పరిశోధకులకు న్యాయంగా సమయం దక్కుతోందని చూపించగలగడమే ఆ సొమ్మును కాపాడుతుంది.

మొదట దూరంగా ఉండి, సొంతంగా ఇలాంటి రియాక్టర్ కట్టుకోవాలని యోచించిన బ్రిటన్, దాని ఖర్చు చూశాక ఆ ఆలోచన మానుకుని 1973లో ఐఎల్ఎల్‌లో మూడో సమాన భాగస్వామిగా చేరింది. ఇద్దరి కోసం రాసుకున్న ఒప్పందం మూడో సభ్యుడిని ఇముడ్చుకోగలిగిందంటే దాని కుదురు బాగున్నట్టే. ఆ తరువాత స్పెయిన్, స్విట్జర్లాండ్, ఆస్ట్రియా వంటి దేశాలు పెద్ద వాటాదారులుగా కాకుండా శాస్త్రీయ సభ్యులుగా, అంటే రుసుము కట్టి వాడకం హక్కు పొందేవారిగా చేరాయి. 1991లో రియాక్టర్ లోపలి భాగంలో పగుళ్ళు కనిపించి దాన్ని ఆపవలసి వచ్చినప్పుడు, మూసేద్దామన్న మాట రాకుండా మూడు దేశాలూ కలిసి రియాక్టర్‌ను ఇముడ్చుకునే లోహపు పాత్రనే కొత్తదానితో మార్చి, 1995లో తిరిగి నడిపించాయి.

ఇదే కాలంలో జాతీయ రియాక్టర్లకు ఏం జరిగిందో పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. యూలిష్‌లోని జర్మన్ పరిశోధనా రియాక్టర్ 2006లో, గేస్తాఖ్ట్‌లోనిది 2010లో మూతపడ్డాయి. పారిస్ దగ్గర సాక్లేలోని ఫ్రెంచి రియాక్టర్ ‘ఓర్ఫే’, బెర్లిన్‌లోని రియాక్టర్ రెండూ 2019లో ఆగిపోయాయి. ప్రతి మూసివేతకూ దాని కారణాలు దానికి ఉన్నాయి, వయసు, ఖర్చు, అణుశక్తిపై ప్రజల్లో ఉన్న వ్యతిరేకత వాటిలో కొన్ని. అయితే ఒక్క సంగతి వాటన్నిటికీ ఉమ్మడిది. ఆ నిర్ణయాన్ని ఒక్క దేశం, తన రాజధానిలో కూర్చుని, తీసుకోగలిగింది. 2023 ఏప్రిల్ 15న తన చివరి విద్యుత్ రియాక్టర్లను ఆపేసిన జర్మనీయే, గ్రెనోబుల్‌లోని రియాక్టర్‌కు తన వాటా చెల్లిస్తూ వస్తోంది. దీన్ని వైరుధ్యమని కొందరు విమర్శిస్తారు. నా దృష్టిలో ఇది అంతర్జాతీయ ఒప్పందం చేయవలసిన పనే. ఎన్నికల గాలికి మారే నిర్ణయాల నుంచి, ఫలించడానికి దశాబ్దాలు పట్టే పనిని కాపాడడం కోసమే అలాంటి ఒప్పందాలు రాసుకుంటారు.

ఉమ్మడి సదుపాయం నుంచి ఏం వస్తుందో ముందుగా ఎవరూ చెప్పలేరనడానికి గ్రెనోబుల్‌లోనే మరో ఉదాహరణ ఉంది. సీఎన్ఆర్ఎస్, జర్మనీకి చెందిన మాక్స్ ప్లాంక్ సొసైటీ కలిసి అక్కడ తీవ్ర అయస్కాంత క్షేత్రాల ప్రయోగశాలను నడిపాయి. 1980 ఫిబ్రవరి 5 తెల్లవారుజామున అక్కడ పనిచేస్తున్న జర్మన్ శాస్త్రవేత్త క్లాస్ ఫాన్ క్లిట్సింగ్, సిలికాన్ ట్రాన్సిస్టర్‌లో అడ్డు విద్యుత్ నిరోధం మెట్లు మెట్లుగా పెరగడం, ప్రతి మెట్టు విలువా ప్రకృతి స్థిరాంకాలతో కచ్చితంగా ముడిపడి ఉండడం గమనించాడు. అదే క్వాంటమ్ హాల్ ఫలితం. దానికి 1985లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ తరువాత ప్రపంచమంతటా విద్యుత్ నిరోధాన్ని కొలిచే ప్రమాణంగా ఈ ఫలితమే నిలిచింది, దానితో ముడిపడ్డ 25,812.807 ఓమ్‌ల విలువ ఇప్పుడు ప్రతి కొలతల ప్రయోగశాలకూ సుపరిచితం. ఈ ఆవిష్కరణ ఏ దేశపుదని లెక్కవేయాలి? అయస్కాంతాలు ఫ్రెంచి గడ్డ మీదివి, ప్రయోగశాల ఉమ్మడిది, పరిశోధకుడు జర్మన్. ప్రతి యూరోకూ తిరిగి ఏమొచ్చిందని లెక్క అడిగే పద్ధతి ఇలాంటి చోట పనిచేయదు.

కొన్నిసార్లు రెండు దేశాల కోరికలు వేరువేరుగా ఉండి, ఆ తేడాయే పొత్తుకు దారితీస్తుంది. మిల్లీమీటర్ తరంగాలతో ఆకాశాన్ని చూసే రంగంలో ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్తలు అనేక యాంటెనాలను కలిపి వాడే ఏర్పాటును కోరుకుంటే, జర్మన్ శాస్త్రవేత్తలు ఒకే పెద్ద డిష్‌ను కోరుకున్నారు. 1979లో సీఎన్ఆర్ఎస్, మాక్స్ ప్లాంక్ సొసైటీ కలిసి స్థాపించిన ఐరామ్ సంస్థ రెండింటినీ కట్టింది. 30 మీటర్ల డిష్ స్పెయిన్‌లోని సియెర్రా నెవాడా పర్వతాల్లో, యాంటెనాల వరుస ఫ్రెంచి ఆల్ప్స్‌లోని బ్యూర్ పీఠభూమిపై సుమారు 2,550 మీటర్ల ఎత్తున వెలిశాయి. 1990లో స్పెయిన్ భూగోళ సంస్థ కూడా చేరింది. వాటాలు ఫ్రాన్స్‌కు 47, జర్మనీకి 47, స్పెయిన్‌కు 6 శాతం. ఈ పని ప్రాణాలను కూడా బలి తీసుకుంది. 1999 జులై 1న బ్యూర్ పీఠభూమికి వెళ్ళే తీగమార్గపు పెట్టె కూలి 20 మంది మరణించారు. అలాంటి విషాదం తరువాత కూడా భాగస్వాములు విడిపోకుండా నిలబడి, యాంటెనాల సంఖ్యను పెంచి, ఆ వేదికను పూర్తిగా నవీకరించారు.

ఉపగ్రహ రంగంలో జరిగిన పొత్తు వేరే రకం పాఠం. ప్రయోగశాలను కాకుండా ఒక యంత్రాన్ని కలిసి తయారుచేయాలనుకున్నప్పుడు ఎదురయ్యే ఇబ్బందులు అందులో కనిపిస్తాయి. 1967 జూన్ 6న కుదిరిన ఒప్పందం మేరకు ఫ్రాన్స్, జర్మనీ కలిసి ‘సింఫనీ’ పేరుతో సమాచార ఉపగ్రహాలు నిర్మించాయి. ఐరోపా సొంత రాకెట్ ప్రయత్నం విఫలం కావడంతో వాటిని 1974 డిసెంబరులో, 1975 ఆగస్టులో అమెరికా డెల్టా రాకెట్ల మీద పంపవలసి వచ్చింది. వాటిని పంపడానికి ముందు చర్చల్లోనే, ఉపగ్రహాలను ప్రయోగాలకే గాని వాణిజ్యానికి వాడకూడదని అమెరికా షరతు పెట్టింది. ఇద్దరు కలిసి డబ్బు పెట్టి నిర్మించినదాని మీద మూడో దేశం నిర్ణయాధికారం చెలాయించడం పారిస్‌ను తీవ్రంగా బాధించింది. ఐరోపా సొంత రాకెట్ ‘ఆరియాన్’కు 1973లో ఆమోదం లభించడానికి ఇది ఒక ముఖ్య కారణం. ఆ ఖర్చులో 60 శాతానికి పైగా ఫ్రాన్సే మోసింది, జర్మనీ దాదాపు ఐదో వంతు భరించింది.

ఇక్కడ మనకు నిజంగా తగిలే తీగ ఒకటుంది. వాణిజ్యానికి వాడకూడని సింఫనీ ఉపగ్రహం కాలాన్ని 1977–79 మధ్య ఇస్రోకు ఇచ్చారు. దేశంలో ఉపగ్రహం ద్వారా టెలిఫోను, ప్రసారాల ప్రయోగాలు దానితోనే జరిగాయి, ఇన్సాట్ వ్యవస్థకు ముందు మన ఇంజనీర్లకు అది అమూల్యమైన తర్ఫీదు. ఆ తరువాత 1981 జూన్ 19న మన తొలి ప్రయోగాత్మక భూస్థిర సమాచార ఉపగ్రహం ‘యాపిల్’ అంతరిక్షానికి వెళ్ళింది ఆరియాన్ రాకెట్ మూడో ప్రయోగంలోనే. శ్రీహరికోట నుంచి భూస్థిర కక్ష్యకు వెళ్ళే రాకెట్లు అప్పటికి లేవు. అప్పటి పశ్చిమ జర్మనీ రాజధాని బాన్, పారిస్ నగరాల మధ్య 1967లో జరిగిన సంతకం ఫలితం ఇలా మన దాకా వచ్చింది.

ఇప్పటివరకు చెప్పినవన్నీ కట్టడాలు, యంత్రాలు. సంఖ్యలో అత్యధికం మాత్రం చిన్న ప్రాజెక్టులే. పారిస్‌లో ఒక ఆచార్యుడు, హైడెల్‌బర్గ్‌లో మరో ఆచార్యుడు కలిసి మూడేళ్ళ పరిశోధన చేయాలనుకుంటారు. వీటికి నిధులిచ్చేవి ఫ్రాన్స్‌లో ఏఎన్ఆర్, జర్మనీలో డీఎఫ్‌జీ. రెండూ పరిశోధనా నిధి సంస్థలే అయినా స్వభావంలో పోలిక తక్కువ. డీఎఫ్‌జీ మూలాలు 1920 దాకా వెళతాయి, నేటి రూపం 1951లో వచ్చింది. అది ప్రభుత్వ శాఖ కాదు, విశ్వవిద్యాలయాలూ పరిశోధనా సంస్థలూ సభ్యులుగా ఉన్న సంఘం. దాని మూల నిధిలో 58 శాతం సమాఖ్య ప్రభుత్వం, 42 శాతం రాష్ట్రాలు ఇస్తాయి. ప్రతిపాదనలను బేరీజు వేసే మండళ్ళ సభ్యులను పరిశోధకులే ఓటు వేసి ఎన్నుకుంటారు. ఏఎన్ఆర్ 2005లో పుట్టిన ప్రభుత్వ సంస్థ. ఫ్రెంచి ప్రభుత్వం పరిశోధన సొమ్ములో ఎక్కువ భాగాన్ని నేరుగా సీఎన్ఆర్ఎస్ వంటి సంస్థలకు ఇస్తుంది కాబట్టి, ఏఎన్ఆర్ చేతిలో ఉండే నిధి డీఎఫ్‌జీ నిధి కంటే చాలా తక్కువ.

ఈ తేడాలకు తోడు జీతాల చిక్కు ఒకటుంది, బయటివారికి ఇదే అన్నిటికంటే అర్థం కాని విషయం. సీఎన్ఆర్ఎస్ పరిశోధకుడు పోటీలో నెగ్గి చేరాక శాశ్వత ప్రభుత్వోద్యోగి, అతని జీతం ఏ ప్రాజెక్టు మీదా ఆధారపడదు. జర్మనీలో శాశ్వత ఆచార్య పదవులు కొద్దిగా ఉంటాయి, మిగతా పరిశోధకుల్లో అత్యధికులు గడువున్న ఒప్పందాల మీద పనిచేస్తారు, వారిలో చాలామంది జీతం ప్రాజెక్టు గ్రాంటు నుంచే రావాలి. ఆ గడువు సాధారణంగా పీహెచ్‌డీకి ముందు ఆరేళ్ళు, తరువాత ఆరేళ్ళు దాటకూడదని 2007 చట్టం చెబుతోంది. కాబట్టి ఒకే ప్రాజెక్టుకు జర్మన్ భాగస్వామి అడిగే మొత్తంలో పెద్ద భాగం ఒక పరిశోధక విద్యార్థి జీతమైతే, ఫ్రెంచి భాగస్వామి పరికరాలకూ, ప్రయాణాలకూ, కొద్దికాలపు సహాయకుడికీ అడుగుతాడు. దీనికి అదనంగా డీఎఫ్‌జీ, సంస్థల నిర్వహణ ఖర్చు కింద ప్రాజెక్టు మొత్తం మీద 22 శాతం కలిపి ఇస్తుంది. పైకి చూస్తే జర్మనీ ఎక్కువ ఇస్తున్నట్టూ ఫ్రాన్స్ తప్పించుకుంటున్నట్టూ కనిపిస్తుంది. నిజానికి ఫ్రెంచి ఖజానా ఆ శాశ్వత ఉద్యోగి జీతం రూపంలో తన వాటా ముందే చెల్లించేసింది, అది ప్రాజెక్టు పద్దులో చేరదు. రెండు మొత్తాలనూ పక్కపక్కన పెట్టి ఎవరు ఎక్కువ పెట్టారని తేల్చబోవడం అందుకే తప్పుదారి.

అసలు ఇబ్బంది అనుమతి దగ్గర వస్తుంది. ఒకే ప్రతిపాదనను రెండు సంస్థలూ విడివిడిగా పరిశీలిస్తే ఏమవుతుందో ఊహించండి. ప్రతి సంస్థా తనకొచ్చిన ప్రతిపాదనల్లో నాలుగో వంతు ఆమోదిస్తుందని, రెండు తీర్పులకూ పరస్పర సంబంధం లేదని అనుకుందాం. అప్పుడు రెండు చోట్లా గట్టెక్కేవి పదహారింటిలో ఒక్కటే. ఆచరణలో మంచి ప్రతిపాదన రెండు చోట్లా మంచిదిగానే కనిపిస్తుంది కనుక పరిస్థితి ఇంత ఘోరంగా ఉండదు, అయినా ఒంటరిగా దరఖాస్తు చేసిన పరిశోధకుడికంటే జంటగా చేసినవారు నష్టపోతారు. ఒక వైపు ఆమోదం దొరికి రెండో వైపు తిరస్కారం వస్తే ఆ సగం ప్రాజెక్టు ఎవరికీ ఉపయోగపడదు. ఫ్రాన్స్‌లో ఆమోదాల శాతం పదికి దగ్గరగా దిగిపోయిన 2014 ప్రాంతంలో ఈ బాధ మరింత పెరిగింది.

దీనికి కనుగొన్న విరుగుడు, ఒక సంస్థకే సమీక్ష బాధ్యత అప్పగించడం. ప్రతిపాదన ఒక్కచోటికే వెళుతుంది, ఆ సంస్థ తన పద్ధతిలో నిపుణుల అభిప్రాయాలు తీసుకుని ఎంపిక చేస్తుంది, రెండో సంస్థ ఆ తీర్పును అంగీకరించి తన దేశపు భాగస్వామికి తానే చెల్లిస్తుంది. సరిహద్దు దాటేది డబ్బు కాదు, తీర్పు. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ సంస్థలు ఈ దారిలో ముందు నడిచాయి, తరువాత అనేక దేశాలు కలిసి ‘వీవ్’ పేరుతో దీన్ని విస్తరించాయి. చెప్పడానికి తేలికగా ఉన్నా ఇది అడిగేది చాలా పెద్ద నమ్మకం. తమ దేశపు ప్రజాధనం ఎక్కడ ఖర్చు కావాలో పొరుగు దేశపు నిపుణులు నిర్ణయిస్తే ఒప్పుకోవాలి. ఆడిటర్లకు సమాధానం చెప్పుకోవలసిన సంస్థలకు ఇది సులువు కాదు.

ఏఎన్ఆర్, డీఎఫ్‌జీల మధ్య 2007 నుంచి నడుస్తున్న మానవీయ, సామాజిక శాస్త్రాల ఉమ్మడి కార్యక్రమంలో మధ్యేమార్గం పాటించారు. రెండు సంస్థల నిపుణులూ కలిసి కూర్చుని ఒకే తీర్పు ఇస్తారు. సహజ శాస్త్రాల కంటే ముందు మానవీయ శాస్త్రాల్లో ఇంత సన్నిహిత ఏర్పాటు కుదరడం ఆశ్చర్యంగా తోచవచ్చు. చరిత్ర, తత్త్వశాస్త్రం, పురావస్తు శాస్త్రాల్లో ఇరు భాషల పాండిత్య సంప్రదాయాలూ పరస్పరం బాగా తెలిసినవి, పైగా పెద్ద యంత్రాల అవసరం లేనందువల్ల మొత్తాలు చిన్నవి. చిన్న మొత్తాల దగ్గర నమ్మకం త్వరగా కుదురుతుంది.

నిజంగా సొమ్మును ఒకచోట కలిపిన ఏర్పాట్లు కూడా లేకపోలేదు. 1997లో వైమార్‌లో కుదిరిన ఒప్పందంతో ఏర్పడి, జార్‌బ్రూకెన్ కేంద్రంగా పనిచేస్తున్న ఫ్రెంచి–జర్మన్ విశ్వవిద్యాలయానికి రెండు ప్రభుత్వాలూ చెరిసగం ఇస్తాయి. దానికి సొంత తరగతి గదులు లేవు. ఇరు దేశాల విశ్వవిద్యాలయాలు కలిసి నడిపే కోర్సులకు, ఇద్దరు పర్యవేక్షకుల కింద సాగే పీహెచ్‌డీలకు అది ఊతమిస్తుంది. భారత్, ఫ్రాన్స్ కలిసి 1987లో ఢిల్లీలో నెలకొల్పిన ఉమ్మడి పరిశోధనా నిధి సంస్థ సెఫిప్రా కూడా ఈ కోవకు చెందినదే. హైదరాబాద్‌లోని పరిశోధకుడు ఒక ఫ్రెంచి ప్రయోగశాలతో కలిసి దరఖాస్తు చేయాలంటే వెళ్ళే దారుల్లో అదొకటి. ఉమ్మడి సంచి ఉంటే సమీక్ష ఒక్కసారే జరుగుతుంది, నియమాలు ఒక్కటే ఉంటాయి. కాని రెండు వైపులా ఆర్థిక శాఖలు కష్టకాలంలో ముందుగా కత్తెర వేసేది ఇలాంటి చిన్న ఉమ్మడి సంచులకే, ఎందుకంటే వాటి తరఫున గట్టిగా అడిగే దేశీయ సంస్థ ఏదీ ఉండదు.

ఐరోపా సమాఖ్యకే భారీ పరిశోధనా నిధి ఉండగా ఇద్దరి మధ్య ఒప్పందాలు ఇంకా ఎందుకని అడిగేవారున్నారు. దీనికి ఇటీవలి చరిత్రే జవాబిచ్చింది. సమాఖ్య నుంచి బయటకు వెళ్ళిన బ్రిటన్, రాజకీయ వివాదాల వల్ల 2024 జనవరి దాకా సమాఖ్య పరిశోధనా కార్యక్రమానికి పూర్తి భాగస్వామి కాలేకపోయింది. కాని గ్రెనోబుల్‌లో బ్రిటిష్ పరిశోధకుల హక్కు ఒక్కరోజు కూడా ఆగలేదు, అది సమాఖ్య ఒప్పందం కాదు గనుక. స్విట్జర్లాండ్ కూడా 2021 నుంచి కొన్నేళ్ళు ఆ కార్యక్రమానికి వెలుపల ఉండవలసి వచ్చినప్పుడు, పొరుగు దేశాల నిధి సంస్థలతో ఉన్న ద్వైపాక్షిక ఒప్పందాలే స్విస్ పరిశోధకులకు దారి తెరిచి ఉంచాయి. ఒక వ్యవస్థ రాజకీయాల్లో చిక్కుకున్నప్పుడు రెండోది పనిచేయడం వృథా ఖర్చు కాదు.

అయితే ఇద్దరి పొత్తులో మూడోవారికి కలిగే నష్టాన్ని విస్మరించకూడదు. 1984లో ఐరోపా సింక్రోట్రాన్ (చాలా తీక్ష్ణమైన ఎక్స్ కిరణాలు ఇచ్చే పెద్ద యంత్రం) కేంద్రానికి స్థలం ఎంపిక జరిగినప్పుడు, డెన్మార్క్, ఇటలీ వంటి దేశాలు కూడా పోటీలో ఉండగా, ఫ్రాన్స్, జర్మనీ తమలో తాము గ్రెనోబుల్‌ను ఖాయం చేసుకుని మిగతావారి ముందు పెట్టాయి. అది తనకే వస్తుందని ఎదురుచూసిన ఫ్రెంచి నగరం స్ట్రాస్‌బూర్‌లో కూడా నిరసన చెలరేగింది. ఆ కేంద్రం 1994లో వాడకానికి తెరుచుకుని గొప్పగా పనిచేసిందన్నది నిజమే. ఖర్చులో పెద్ద వాటా ఆతిథ్య దేశమైన ఫ్రాన్స్‌ది, తరువాతది జర్మనీది. కాని చేరిన దేశాలు తమ ముందు పెట్టినదాన్ని ఒప్పుకోవడమే తప్ప నిర్ణయంలో పాలుపంచుకోలేకపోయాయి. ఇద్దరు కూర్చుంటే పని త్వరగా తెములుతుందన్న గుణానికి ఇది రెండో వైపు.

ఆతిథ్య దేశానికి కలిగే లాభం గురించీ దాపరికం అక్కర్లేదు. గ్రెనోబుల్‌లో ఖర్చయ్యే జీతాలు, కాంట్రాక్టులు చాలావరకు ఆ ప్రాంతంలోనే తిరుగుతాయి, రియాక్టర్, సింక్రోట్రాన్ పక్కపక్కన ఉండడం వల్ల అక్కడికి జీవశాస్త్ర ప్రయోగశాలలు, పరిశ్రమలు వచ్చి చేరాయి. దానికి బదులుగా ఫ్రాన్స్ అణు భద్రత పర్యవేక్షణ బాధ్యతనూ, నది ఒడ్డున నగరం నడుమ ఒక రియాక్టర్‌ను పెట్టుకోవడం వల్ల వచ్చే ప్రజల ప్రశ్నలనూ మోస్తోంది. ఆయుధ స్థాయికి శుద్ధిచేసిన యురేనియంతో నడిచే ఈ రియాక్టర్‌ను తక్కువ శుద్ధి ఇంధనానికి మార్చాలన్న ఒత్తిడి కూడా ఉంది.

2021లో భాగస్వాములు ఐఎల్ఎల్ ఒప్పందాన్ని 2033 వరకు పొడిగించారు. అప్పటికి రియాక్టర్‌కు అరవై ఏళ్ళు దాటుతాయి. స్వీడన్‌లోని లుండ్‌లో పదికి పైగా ఐరోపా దేశాలు కలిసి కడుతున్న కొత్త న్యూట్రాన్ కేంద్రం పూర్తిస్థాయిలో పనిచేసినా, మూతపడిన జాతీయ రియాక్టర్లు ఇచ్చిన ప్రయోగ దినాలన్నిటినీ అదొక్కటే భర్తీ చేయలేదు. కాబట్టి పారిస్, బెర్లిన్, లండన్ ముందున్న ప్రశ్న పొడిగించాలా వద్దా అన్నదొక్కటే కాదు. మూసివేత ఖర్చుకూ వ్యర్థాల నిర్వహణకూ వాటాలు ఎలా ఉండాలి, అక్కడి పరికరాలూ వాటిని నడిపే నైపుణ్యమూ ఎక్కడికి వెళ్ళాలి, తదుపరి కేంద్రాన్ని ముగ్గురే తలపెడతారా లేక ఈసారి చిన్న దేశాలను మొదటి రోజు నుంచే పిలుస్తారా అన్నవి కూడా అందులో ఉన్నాయి. పెద్ద పరిశోధనా కేంద్రం సంతకం నుంచి తొలి ప్రయోగం దాకా రావడానికి కనీసం పదేళ్ళు పట్టే ఈ రోజుల్లో, ఆ మాటలు ఇప్పటికే మొదలై ఉండాలి.